తలుపు కంటికి బొట్టు

తొమ్మిది రోజులు నేను ఒక గుడ్డి తలుపుకు కాపలా ఉన్నాను. అది గుడ్డిదని నాకు తెలుసు. దాని కింద చేతులు కట్టుకుని నిలబడే మా సాహెబుకు తెలియదు. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మన ఇంటి పిల్లలు మీరంతా ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసిన మనిషిని, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి. విషయంలో వంకర లేకుండా చూసుకుంటాను.

ఎనభైల్లో సిరొంచలో ఒక సర్కారీ ఆఫీసు మోటారు షెడ్డులో పని నాకు. ఏ ఆఫీసో చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ల పిల్లలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. పొద్దున షెడ్డు ఊడ్చి కడగాలి, మూడు జీపులు, ఒక ట్రక్కు బయటికి పోయేటప్పుడూ లోపలికి వచ్చేటప్పుడూ తలుపు తీసి వెయ్యాలి. రోజందారీ కింద ఉండేదాన్ని. అంటే వచ్చిన రోజుకే కూలి. జ్వరం వస్తే ఆ రోజు లేదు, పండుగ వస్తే ఆ రోజూ లేదు. అట్లా ఆరేళ్లు. మా ఆయన నడుము పడిపోయి మంచం మీద ఉండేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఏడాది నన్ను పర్మనెంటు చెయ్యాలని సాహెబు ఫైలు కట్టారు. ఇంకొక్క పెద్ద సంతకం పడితే చాలు, గడప దాటినట్టే.

ఆ తలుపు మామూలు తలుపు కాదు. నాగపూరు దిక్కున మూతపడిన ఒక మిల్లు సామాను వేలంలో మా ఆఫీసుకు వచ్చిన ఇనుప షట్టరు. బటను నొక్కితే కరెంటు మోటారుతో పైకి చుట్టుకునేది, ఇంకో బటను నొక్కితే కిందికి దిగేది. దిగడం మొదలైతే నేలను తాకేదాకా మధ్యలో ఆపే బటను లేదు. అందుకే దానికి ఒక కన్ను పెట్టారు. వాకిలికి అటొక గుంజ, ఇటొక గుంజ, మోకాలెత్తున. ఒక గుంజలో చిన్న బల్బు వెలుగుతుంది, రెండో గుంజలో గుండ్రటి అద్దం వెనుక ఆ వెలుగును చూసే కన్ను. తలుపు దిగుతుండగా మధ్యలో మనిషో మేకో అడ్డం వస్తే కంటికి వెలుగు అందదు. అప్పుడు తలుపు ఆగి, మళ్లీ పైకి పోతుంది. ప్రాణహిత దాటే పడవ కోసం వచ్చిన జనం కూడా పడవ వచ్చేలోపు మా షెడ్డు దాకా నడిచి వచ్చి చూసి పోయేవాళ్లు.

మా సాహెబుకు ఆ తలుపంటే ప్రాణం. ఆయన నాగపూరు వైపు మనిషి. మంచివారే, కానీ ఎవరైనా కొత్తవాళ్లు వస్తే చాలు, వాకిట్లో షట్టరు కింద నిలబడి, చేతులు కట్టుకుని, "నొక్కు బాయీ" అనేవారు. నేను నొక్కేదాన్ని. షట్టరు గరగరమని నెత్తి మీదికి దిగి, ఆయన కాళ్లు బల్బు వెలుగుకు అడ్డం ఉంటాయి కాబట్టి ఆగి, పైకి పోయేది. చూసేవాళ్లు గుండెలు పట్టుకునేవాళ్లు. ఆయన మీసం దువ్వుకునేవారు.

దసరాకు ముందు రోజు మా దగ్గర ఖండేనవమి చేస్తారు. ఎవరి పనిముట్లకు వాళ్లు పూజ చేసుకుంటారు. పెద్ద డ్రైవరు జీపు స్టీరింగుకు, పానాలకు బొట్లు పెట్టాడు. ఆయన ఊరివాడే, వయసులో నాకంటే పెద్ద, నేను అన్నా అనేదాన్ని. నా చీపురుకు, బకెట్టుకు నేను పెట్టుకున్నాను. పసుపు ముద్ద, కుంకుమ ఇంకా కొంచెం మిగిలింది.

"నీ అసలు పనిముట్టు అది కాదా, చెల్లె?" అని డ్రైవరన్న తలుపు దిక్కు చూపించాడు.

నిజమే అనిపించింది. ఇంట్లో ఉప్పు రాయి కింద పడినా ఏరుకునే మనిషిని, మిగిలింది పారేయడం నా చేత కాదు. ముద్ద అంతా తీసి, కన్ను అద్దం మీద నిండుగా పెట్టాను, దాని నడుమ కుంకుమ. బల్బు వేడిగా ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.

పండుగని తలుపు ఎత్తే ఉంచాం, పండుగ మర్నాడు దించబోతే దిగలేదు. నొక్కితే జానెడు దిగుతుంది, ఆగుతుంది, పైకి పోతుంది. పది సార్లు నొక్కితే పది సార్లూ అంతే. సాహెబు మీటింగుకు గడ్చిరోలి పోయి ఉన్నారు. తిరిగొచ్చేలోపు తలుపు నడవాలని ఫోను చేయించారు. డ్రైవరన్న, నేను రెండు రోజులు దాని చుట్టూ తిరిగాం. బల్బు మార్చాం. సాలీడు గూళ్లు దులిపాం. ట్రక్కు తగిలి గుంజ పక్కకు జరిగిందేమోనని ఒక గుంజ నుంచి రెండో గుంజకు దారం కట్టి చూశాం, సూటిగానే ఉంది. బల్బు అద్దాన్ని నేను చింతపండుతో తోమాను. కంటి అద్దాన్ని మాత్రం ముట్టుకోలేదు. పూజ బొట్టు, దానంతట అది రాలిపోవాలి గానీ చేత్తో తుడుస్తామా? ఇప్పుడు మీకు నవ్వొస్తుంది. ఆ రెండు రోజుల్లో ఆ షెడ్డులోకి కనీసం ఇరవై మంది వచ్చి ఆ బొట్టును చూశారు. ఒక్కరికీ తట్టలేదు. బొట్టు ఉండాల్సిన చోట ఉంటే మన కంటికి అది కనబడదు.

మూడో రోజు ముల్చేర నుంచి వైర్‌మన్ బస్సులో వచ్చాడు. నడివయసు మనిషి, నాలుగు ఆఫీసులకు అతనొక్కడే, ఎప్పుడూ ఆయాసం. సంచి దించి, గుంజ ముందు కూర్చుని, ముందుగా ఆ బొట్టుకు దండం పెట్టుకుని, తరువాత గుంజ వెనుక మూత విప్పి పని మొదలుపెట్టాడు. కరెంటు వస్తోంది, వైర్లు తెగలేదు, మరి కన్ను పలకడం లేదు. గంట తరువాత కన్ను చచ్చిపోయిందని తేల్చాడు. కొత్తది నాగపూరు నుంచి రావాలి, రెండు మూడు వారాలు. అందాకా కంటి నుంచి మోటారుకు పోయే రెండు వైర్లు కలిపి మెలేశాడు. ఇక తలుపుకు ఎప్పుడూ వెలుగు అందుతున్నట్టే లెక్క. ఎవరు అడ్డమున్నా ఆగదు.

"వదినా, కింద ఎవరిని నిలవడనియ్యకు. సాహెబ్‌కు బాగయిందనే చెప్పుర్రి. కొత్తది రాంగనే గుట్టుగ మారుస్త. లేకపోతే ఒక్కనాడు చేయనీకి చేతకాలేదని నన్ను తిడ్తడు."

డ్రైవరన్న సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. అక్కడ మొదలైంది.

మర్నాడు సాహెబు వచ్చారు, తలుపు దిగడం చూసి సంతోషపడ్డారు. నా సంతోషం పోయింది. జీపు వస్తుంటే ముందు పరుగెత్తి వాకిలి అటూ ఇటూ చూసేదాన్ని. కుక్క పడుకుంటే రాయి విసిరేదాన్ని. నీడ కోసం వాకిట్లో కూర్చునే మనుషుల్ని కసిరి లేపేదాన్ని. ఈ ఆడమనిషికి పర్మనెంటు కాకముందే ఇంత పొగరా అని ఒకరిద్దరు అన్నారు కూడా.

వైర్లు కలిపిన మూడో రోజు పొద్దున వాకిలి కడుగుతున్నాను. ఆకాశం మబ్బు పట్టి షెడ్డు లోపల చీకటిగా ఉంది. ఇటు గుంజలో బల్బు వెలుగుతోంది. దాని వెలుగు అటు గుంజ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడుతోంది. సరిగ్గా నా బొట్టు మీద. వెలుగంతా పసుపు ముద్దకు తగిలి అక్కడే ఆగిపోయింది.

చీపురు చేతిలోనే ఉంది. కన్ను చావలేదు, నేను మూశాను. గబగబ కొంగు తడిపి తుడిచాను. రెండు రోజులు తుడవకూడదని వదిలేసిన బొట్టును, నా తప్పు అది అని తెలిశాక ఒక్క నిమిషంలో తుడిచేశాను చూడండి. అద్దం మెరిసింది. కానీ ఏం లాభం, వెనుక వైర్లు మెలేసే ఉన్నాయి. వాటిని విడదీయాలంటే డ్రైవరన్నకు చెప్పాలి, ఎందుకని అడిగితే ఇది చెప్పాలి, ఆయన నుంచి సాహెబుకు, సాహెబు నుంచి ఫైలుకు పోతుంది. సర్కారీ యంత్రాన్ని పాడు చేసిన రోజందారీ మనిషిని పర్మనెంటు ఎవరు చేస్తారు? నోరు మూసుకున్నాను. సంతకం పడనీ, ఆ మర్నాడు చెబుదాం అనుకున్నాను.

ఆ మధ్యలో ఒకసారి జిమల్‌గట్ట నుంచి ఏదో పని మీద నలుగురు పెద్దమనుషులు వచ్చారు. సాహెబు వాళ్లను తీసుకుని వాకిట్లోకి రావడం దూరం నుంచే చూశాను. మెయిన్ స్విచ్ కిందికి లాగేసి, కరెంటు పోయింది సాహెబ్ అన్నాను. ఆయన ఆఫీసు కిటికీ వైపు చూశారు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. అది వేరే లైను సాహెబ్ అన్నాను. నమ్మారు. నా నోటి నుంచి అబద్ధం అంత నున్నగా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ రోజు అన్నం సహించలేదు. అన్నం పారేసే అలవాటు లేదు కాబట్టి తిన్నాను.

తొమ్మిదో రోజు గడ్చిరోలి నుంచి పెద్ద సాహెబు తనిఖీకి వస్తున్నారు. వస్తే మా సాహెబు ఏం చేస్తారో నాకు తెలియనిది కాదు. పొద్దున్నే చెప్పేద్దామని ఆయన గదిలోకి వెళ్లాను. బల్ల మీద నా ఫైలు ఉంది. నేను నోరు తెరవకముందే ఆయన దాని మీద చెయ్యి వేసి, ఈ రోజు పెద్ద సాహెబు చేత సంతకం పెట్టించే పంపిస్తాను, వాకిలి శుభ్రంగా ఉంచు అన్నారు.

"అట్లనే సాహెబ్" అని వచ్చేశాను.

నా మొత్తం ఉద్యోగంలో నేను సిగ్గుపడేది ఆ ఒక్క మాటకే. బొట్టు తెలియక పెట్టాను. ఫ్యాను అబద్ధం భయంలో ఆడాను. ఇది మాత్రం ఫైలును చూసి అన్న మాట.

పదకొండు గంటలకు పెద్ద సాహెబు వచ్చారు. సన్నగా, కళ్లజోడుతో, తక్కువ మాట్లాడే మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. జీపులు చూశారు, రిజిస్టర్లు చూశారు. చివరికి మా సాహెబు ఆయనను వాకిలి దగ్గర ఒక వెదురు కుర్చీలో కూర్చోబెట్టి, తాను పోయి షట్టరు కింద నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు.

"నొక్కు బాయీ."

నా వేలు బటను మీదే ఉంది. డ్రైవరన్న జీపు పక్క నుంచి నన్ను చూస్తున్నాడు. నేను వేలు తీసేశాను.

"నొక్కు" అన్నారు మళ్లీ, నవ్వుతూనే, పెద్ద సాహెబు వైపు చూస్తూ.

"నొక్క, సాహెబ్."

ఆయన మొహంలో నవ్వు అట్లాగే ఉండి రంగు మారింది. పెద్ద సాహెబు ముందు రోజందారీ మనిషి కాదనడం. డ్రైవరును నొక్కమన్నారు. డ్రైవరన్న నా పక్కకు వచ్చి, పెదవులు కదలకుండా అన్నాడు.

"జర జరుగు చెల్లె. సగం దిగినంక మెయిన్ గుంజుత. ఏం కాదు."

"మోటరు బందయినంక గూడ అది జానెడు జారుతది. నువ్వెరుగవా?"

"ఇయ్యాల సంతకమున్నది. నీదే."

ఆయన మంచికే అన్నాడు. చెయ్యి బటను మీదికి పోనిచ్చాడు కూడా. నేను మెయిన్ హ్యాండిల్ పట్టుకుని ఒక్కసారి కిందికి లాగేశాను. బల్బు ఆరిపోయింది.

"దానికి కన్ను పనిచేస్తలేదు సాహెబ్" అన్నాను. "తొమ్మిది దినాల సంది. మీరు దానికి కనవడరు."

మా సాహెబు షట్టరు కింద నుంచి ఇవతలికి రాలేదు, అక్కడే నిలబడి పైకి చూశారు. పెద్ద సాహెబు ఏమైందని అడిగారు. మా సాహెబు చెప్పింది విని, తాను కూర్చున్న కుర్చీలోంచి లేచి, దాన్ని వాకిట్లో పెట్టించి, నొక్కమని నాకు సైగ చేశారు.

మెయిన్ వేసి నొక్కాను. షట్టరు దిగింది. కుర్చీ వీపు తగిలింది, ఆగలేదు. వెదురు చిట్లిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నేలకు ఆనేసరికి కుర్చీ చాటలా పరుచుకుంది. మా సాహెబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

తరువాత అంతా వేగంగా నడిచింది. డ్రైవరన్న వైర్లు కలిపిన సంగతి చెప్పి, మూత విప్పి, వాటిని విడదీశాడు. షట్టరు ఎత్తి, ఈసారి నా బకెట్టు పెట్టి నొక్కారు. షట్టరు కొంచెం దిగి, ఆగి, బుద్ధిగా పైకి పోయింది. కన్ను బాగానే ఉంది.

దాంతో మా సాహెబుకు పోయిన ప్రాణం కోపంగా తిరిగొచ్చింది. బాగున్న కన్నును చచ్చిందని చెప్పి, పని ఎగ్గొట్టి, వైర్లు కలిపి పోయాడు ఆ ముల్చేర వైర్‌మన్. ఈ రోజు నా ప్రాణం పోయేది. వాడిని తీసెయ్యమని ఈ పూటే రాస్తాను అన్నారు. పెద్ద సాహెబు తల ఊపారు. తరువాత నా వైపు తిరిగి, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నానని అడిగారు. ఆరేళ్లని మా సాహెబు చెప్పారు. ఇలాంటి మనిషిని ఇంకా రోజందారీలో ఎందుకు ఉంచారు, ఆ ఫైలు ఏది, ఇప్పుడే తెండి అన్నారు.

ఫైలు తెచ్చారు. జీపు బానెట్టు మీద పరిచారు. పెద్ద సాహెబు పెన్ను మూత తీశారు. డ్రైవరన్న నన్ను చూసి కళ్లతోనే వద్దన్నాడు. కన్నును మూసింది ఆ బొట్టేనని ఆయనకు అప్పటిదాకా తెలియదు, అయినా నా మొహంలో ఏదో చూసి ఉంటాడు. అక్కడ ఎవరికీ తెలియదు. అద్దం శుభ్రంగా ఉంది. నేను కాసేపు గాలి పీల్చుకుంటూ ఊరుకుంటే చాలు, సంతకం పడుతుంది. ఆయాసపు మనిషి ఒకడు ముల్చేరలో ఉద్యోగం పోగొట్టుకుంటాడు, ఎందుకో అతనికి ఎన్నటికీ తెలియదు.

"వైర్‌మన్ అబద్ధం చెప్పలే సాహెబ్. ఆయన వచ్చిననాడు కన్ను మూసుకునే ఉండె. నేనే మూసిన. ఖండేనవమి నాడు దాని మీద బొట్టు పెట్టిన. ఎరుకైనంక చప్పుడు చేయక తుడిచేసిన."

మా సాహెబుకు తెలుగు బాగానే అర్థమవుతుంది. పెద్ద సాహెబు, ఏమంటోంది అని అడిగారు. మా సాహెబు నన్ను ఒక్క క్షణం చూసి, మరాఠీలో, మీకు దండాలు చెబుతోంది అన్నారు.

ఆయన నన్ను కాపాడుతున్నారో, తన ఆఫీసు పరువును కాపాడుకుంటున్నారో నాకు నేటికీ తెలియదు. మరాఠీ నాకు సంతలో కూరగాయలు బేరమాడే అంతే వచ్చు. ఆ నాలుగు ముక్కలు కూర్చుకుని, పెద్ద సాహెబు ముందుకు పోయి, గుంజ దగ్గర వంగి, వేలు ముంచినట్టు చేసి, అద్దం మీద బొట్టు పెట్టి చూపించాను. నేను పెట్టాను, కన్ను మూసింది, వైర్‌మన్ తప్పు లేదు అన్నాను.

పెద్ద సాహెబు ముందు నవ్వారు. మనసారా నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బొట్టు మీద ఎవరికీ కోపం లేదు. తరువాత, నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగారు. ఆరు రోజుల క్రితం అని వేళ్లు చూపించాను. నవ్వు ఆగిపోయింది. పెన్నుకు మూత పెట్టి, ఫైలు కట్టి, మా సాహెబు చేతికి ఇచ్చారు. సంతకం పెట్టకపోవడమే సబబు. ఆరు రోజుల్లో ఏ పూటైనా ఆ కుర్చీ ఉన్న చోట మనిషి ఉండవచ్చు.

వైర్‌మన్‌కు వైర్లు కలిపి దాచినందుకు తిట్లు పడ్డాయి, ఉద్యోగం మిగిలింది. ఆ వారంలోనే వచ్చాడు. షెడ్డు ముందు చాలాసేపు ఊపిరి సర్దుకుని, "ఎందుకు చెప్పితివి వదినా, నేనైతే చెప్పకపోతుంటి" అన్నాడు. నిజాయితీ గల మాట. పని ఉంది పొమ్మన్నాను. ఇంటికి పోయి మా ఆయనకు సంతకం కాలేదని మాత్రం చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిల్లలకు ఆ ఏడాది బడి బట్టలు పాతవే విప్పి కుట్టాను.

మా సాహెబు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరు వచ్చినా షట్టరు కింద నిలబడటం మానేశారు. పదహారో రోజు ఒక కాగితం టైపు చేయించి షెడ్డు గోడకు అంటించారు. ఈ తలుపు వైర్లను, బల్బును, కన్నును డ్రైవరు గానీ, వైర్‌మన్ గానీ, స్వయంగా ఆఫీసరు గానీ ఫలానా బాయిని అడగకుండా ముట్టుకోరాదు అని మరాఠీలో ఉంది. కూడబలుక్కుని చదివాను. నా పేరు ముందు రోజందారీ అని ఉంది. ఆ ఒక్క మాట మారడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆఫీసరుతో సహా అందరూ వచ్చి నన్ను అడిగే ముట్టుకున్నారు.